పద్నాలుగు మూతల పెట్టె

మదనపల్లె,
ఫిబ్రవరి 9, ఆదివారం

వదినకు వందనాలు.

ఈ ఉదయం పుంగనూరులో అమ్మ కిటికీ మీద ఒక ప్లాస్టిక్ పెట్టె చూశాను. రెండు వరుసలు, పద్నాలుగు మూతలు. పై వరుస తెలుపు, కింది వరుస నీలం. మూతల మీద స్కెచ్ పెన్నుతో ఆది, సోమ, మంగళ అని రాసి ఉంది. అక్షరాలు నీవి. మా ఇంట్లో అంత గుండ్రంగా ఎవరూ రాయరు.

అమ్మ చర్చికి చీర కట్టుకుంటోంది. ఇదేమిటని అడిగాను.

"మాత్రలు. ఇంకేమి?"

"దేనికమ్మా?"

"వయసుకు. ఆ పిన్నుల డబ్బా ఇట్లియ్యి."

ఇచ్చాను. అంతటితో మాట అయిపోయింది.

పెట్టె పక్కన ఖాళీ అయిన మందు అట్టపెట్టె ఉంది. దాని మీద ప్రొజెస్టిరాన్ అని పేరు. లోపల సన్నని మడత కాగితం ఒకటి మిగిలింది, చీమలంత అక్షరాలతో. పుస్తకంలో గుర్తుకు పెట్టుకోవచ్చని తెచ్చుకున్నాను.

పోయిన ఎండాకాలం సెలవుల్లో అమ్మ మీ ఇంట్లో మూడు వారాలు ఉంది. కుప్పంలో చల్లగా ఉంటుందని వెళ్లిందనుకున్నాను. అప్పటి నుంచి ఇది జరుగుతోందా? అన్నకు తెలుసా? నేను ప్రతి శనివారం బస్సెక్కి అమ్మ దగ్గరికి వెళ్తాను. వారానికి ఒక రోజు ఆమె పక్కనే పడుకుంటాను. నాకెందుకు చెప్పలేదు?

ఫోన్‌లో అడగలేను. ఫోన్‌లో నాకు "ఊఁ" తప్ప మాట రాదని నీకు తెలుసు. మెసేజ్ పెడదామంటే, శనివారాల్లో అమ్మ నా ఫోన్‌లోనే పాటలు వింటుంది. అందుకని ఉత్తరం. నువ్వూ నేను పనిచేసే లైబ్రరీ చిరునామాకే రాయి.

సోఫియా


కుప్పం,
ఫిబ్రవరి 16

సోఫియమ్మా,

పోస్టుమ్యాన్ దేవేంద్రప్ప నీ కవరు పట్టుకోని మా ఆస్పత్రి మందుల కౌంటర్ కాడికే వచ్చినాడు. "ఏందమ్మా, కోర్టు నోటీసా?" అన్నాడు. మా ఆడబిడ్డ జాబు రాసిందప్పా అంటే నమ్మలే. ఈ కాలంలో ఆడబిడ్డలు జాబులు రాస్తారా, నేరుగా వచ్చి తిట్టిపోతారు గాని, అన్నాడు. నీ మాదిరి రాతభాష నాకు రాదు. మాట్లాడినట్టే రాస్తా, చదువుకో.

ఔను, అప్పటి నుంచే. ఒకదినం వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తా ఒలుస్తా అత్తమ్మ కొంగుతో మొగం తుడుచుకుంటాండాది. చెమట గాదు, ఏడుస్తాండాది. "లోపల్నుంచి మంట లేస్తాది ప్రీతీ. క్లాసులో పద్యం చెప్తా చెప్తా నిలబడిపోయినా. పిల్లోళ్లు సూస్తాండారు. ఎందుకేడుస్తాండానో నాకే తెలీలే" అనింది. మూడు నెలలుగా నిద్ర లేదంట. ముట్టు నిలిచి అప్పటికి రెండేండ్లు.

మా డాక్టరమ్మ కాడికి తీసకపోయినా. పొద్దున ఒక చిన్న మాత్ర, అది మంటకు. రాత్రికి ఒక మెత్తటి క్యాప్సూల్. మొదట రెండొందల మిల్లీగ్రాములు రాస్తే పొద్దున్నే తాగినోళ్ల మాదిరి తూలింది. వందకు తగ్గిస్తే సరిపోయింది. రాత్రిది యాల అని అత్తమ్మ మొండికేసింది. "ఒక రోగానికి రెండు మందులా?" అని. నిద్రకు అత్తమ్మా, హాయిగా పడతాది అని నేనే చెప్పినా. అప్పుడు ఒప్పుకునింది. ఆ నిద్ర పట్టినంక ఆమె మొగం సూడాల్సింది నువ్వు.

నీకు యాల చెప్పలేదంటావు. చిక్కుడుకాయలు ఒలిచిన దినం నువ్వూ ఈడనే ఉండావు. శనివారం గదా. హాల్లో కూసోని ఉండావు, పుస్తకంలో. బొరుగుల పొట్లం కాగితం గూడా చదివే పిల్లవి, వంటింట్లో ఏడుపు ఇనబళ్లేదా? ఎగతాళికి అంటాండా, కోపం తెచ్చుకోవద్దు.

మీ అన్న అడిగినాడని రాయమన్నాడు.

ప్రీతి


మదనపల్లె,
మార్చి 9, ఆదివారం

వదినకు వందనాలు.

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. చిక్కుడుకాయల మాట దగ్గర ఆగిపోయి జవాబు రాయలేదు.

నాకు పదమూడో ఏట, కాన్వెంట్ హాస్టల్లో అది మొదలైంది. ఏం చేయాలో సిస్టర్ చెప్పింది. ఆ నెలాఖరుకి ఇంటికి వెళ్తే అమ్మ నాకొక కొత్త గౌను కొనిపెట్టింది. ఏమీ అడగలేదు, ఏమీ చెప్పలేదు. సిస్టర్ ఉత్తరం రాసి ఉంటుంది. అప్పటి నుంచి ఈ పద్నాలుగేళ్లలో అమ్మ నాతో ఒంటి సంగతులు ఒక్కసారి కూడా మాట్లాడలేదు. అది ఆమె పద్ధతి, ఎవరితోనూ మాట్లాడదు అనుకుని ఊరుకున్నాను. నువ్వు మా ఇంటికి వచ్చి మూడేళ్లు.

పోనీ. నిన్న పుంగనూరు వెళ్లాను. భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందటి ఉపవాసాల నలభై దినాలు మొదలయ్యాయి కదా, అమ్మ పగలు భోజనం మానేసింది. సాయంత్రం రాగిసంకటి తింటోంది. తలకు నూనె రాశాను. రాస్తుండగా ఒక మాట చెప్పింది.

"నీకొక్కదానికే చెప్తాండా. ప్రీతికి చెప్పద్దు."

చెప్పను అన్నాను. కాబట్టి నువ్వు అడిగినా చెప్పను. పెద్ద సంగతేమీ కాదు. కానీ నాకు చెప్పింది.

ఆరోగ్యం బాగానే ఉంది. నిద్ర కొంచెం తగ్గిందట. నలభై దినాల్లో అది మామూలే అంది.

సోఫియా


కుప్పం,
మార్చి 18

సోఫియమ్మా,

ఏమి రహస్యమమ్మా అది? నీకు పెండ్లి సంబంధమా? లేకుంటే నా వంట మీద చాడీనా? మీ అన్ననడిగితే "మా అమ్మకు, సోఫియాకు మధ్యలో పోతే నీకే దెబ్బ" అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

మీ నలభై దినాలు నాకింకా అర్థం గాలేదు. మా అమ్మోళ్ల ఇంట్లో శనివారం ఒంటిపూట అంటే అంతే, ఎవురు ఏమి మానుకున్నారో ఈదంతా తెలుస్తాది. మీరు మానుకునేది గూడా దాచిపెడతారు. మొదటేడు అత్తమ్మకు కాఫీ ఇస్తే వద్దనింది. కోపమేమో అనుకోని రెండుదినాలు నేను కాఫీ తాగలే.

నీ జాబులో ఒక మాట పొడుచుకునింది. మూడేళ్లు అన్నావు. సరే, నేనూ ఒకటి చెప్తా. అత్తమ్మ నాతో మాట్లాడేదంతా మోకాలు, చెమట, మలబద్ధకం. నీతో ఏమి మాట్లాడతాది? పాటలు, పద్యాలు, ఎవురో ఎక్కడో రాసిన కతలు. మీరిద్దరూ వరండాలో కూసోని ఒక లైను చెప్పుకోని నగుతాంటే నేను లోపల కుక్కరు విజిల్లు ఎంచుకుంటా ఉంటా. నేను మందుల కౌంటరు, నువ్వు కూతురువి. కౌంటరు కాడ ఎవురైనా ఒంటి సంగతి చెప్తారు. దానికి నన్ను సూసి కుళ్లుకోవద్దు.

ప్రీతి


కుప్పం,
ఏప్రిల్ 11

సోఫియా,

నగులాట్లు పక్కన పెడతా. నిన్న అత్తమ్మ ఫోన్ చేసింది. నాలుగు దినాలుగా ఎర్రగా కనపడతాండాదంట. ముట్టు నిలిచి మూడేండ్లైన మనిషికి అది రాగూడదు. డాక్టరమ్మనడిగితే, రాత్రి క్యాప్సూల్ వంద సాలడం లేదేమో, రెండొందలు చెయ్యమనింది. నిన్న రాత్రి నుంచే రెండేసి వేసుకోమని అత్తమ్మకు చెప్పినా. మాత్రలు ఇంట్లో సాలినన్ని ఉండాయంట. ఈస్టరు పండగైనంక ఈడికి తీసకొచ్చి స్కాన్ తీపిస్తాము.

డాక్టరమ్మ నన్ను ఒకటే అడిగింది. రాత్రిది దినామూ వేసుకుంటాందా, మధ్యలో మానిందా అని. అత్తమ్మనడిగితే "నువ్వు చెప్పినట్టే" అని పెట్టేసింది. వారం వారం కండ్లతో సూసేది నువ్వు. ఈ జాబు అందేలోగా రేపు పోయొస్తావు గదా, కింది వరుస ఎట్లుండాదో రాయి. ఆలస్యం చెయ్యద్దు.

ప్రీతి


మదనపల్లె,
ఏప్రిల్ 14, సోమవారం

వదినకు వందనాలు.

శనివారం చూశాను. కింది వరుస ఖాళీగానే ఉంది.

రక్తం సంగతి అమ్మ నాకు చెప్పలేదు. ఆ శనివారం నేను వెళ్లేసరికే మొదలై ఆరు రోజులు. మధ్యాహ్నమంతా ఇద్దరం పక్కపక్కనే కూర్చుని గుడ్ ఫ్రైడేకి పాటల కాగితాలు మడిచాం. బట్టలు నేనే ఉతికాను, ఆమెవి మాత్రం ముందే ఉతికి ఆరేసి ఉన్నాయి. "బాగుండావా అమ్మా?" అంటే "నాకేమి?" అంది. నీకు మాత్రం ఫోన్ చేసింది.

నువ్వు అడిగింది రాశాను.

సోఫియా


కుప్పం,
ఏప్రిల్ 26

సోఫియా,

నువ్వు ఫోన్ ఎత్తవు, ఎత్తినా ఊఁ అంటావు. అందుకని స్పీడు పోస్టులో రాస్తాండా, నింపాదిగా చదువు.

పండగ దినం రాత్రి నుంచి అత్తమ్మ నా కండ్ల ముందరే రెండు క్యాప్సూల్లు వేసుకుంటాండాది. మళ్లీ ఆ తూలుడే. బుధవారం పొద్దున మొగం కడుక్కోను పోయి తొట్టి అంచుకు కొట్టుకునింది. కనుబొమ్మ కాడ మూడు కుట్లు. స్కాన్‌లో గర్భసంచి లోపలి పొర మందంగా ఉండాది, పదకొండు మిల్లీమీటర్లు. ఈమె వయసుకు నాలుగో ఐదో ఉండాల.

డాక్టరమ్మ మొగం మార్చేసింది. "దినామూ క్యాప్సూల్ పడతాంటే పొర ఇట్ల పెరగగూడదు. పడినా పెరిగిందంటే మనం వేరేది అనుమానించాల" అనింది. అత్తమ్మ వాళ్లమ్మ, మీ కాంతమ్మ అవ్వ, గర్భసంచి క్యాన్సర్‌తోనే పోయిందని మీ అన్న చెప్పినాడు. దాంతో ఆపరేషన్ మాట వచ్చింది. తీసేస్తే ఏ బాధా ఉండదు అని. శుక్రవారం, మే రెండున.

అత్తమ్మ ఏమీ అనడంలే. "దేవుని చిత్తం" అని గోడ సూసి పడుకుంటాది. పోయినేడు మంటకు అంత అల్లాడిన మనిషి, ఇప్పుడు కత్తికి సరే అంటాండాది. నాకు భయంగా ఉండాది సోఫీ. వందకు తగ్గించమని డాక్టరమ్మనడిగింది నేనే. నా మాట వల్లే ఇట్లయిందేమో.

నువ్వు పుంగనూరు పోయి ఆమె చీరలు నాలుగు, మెత్తటి జాకెట్లు, కండ్లద్దాల ఇంకో జత తీసుకోని గురువారానికి ఈడికి రా.

ప్రీతి


పుంగనూరు,
ఏప్రిల్ 30, బుధవారం

వదినకు వందనాలు.

అమ్మ ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. దీన్ని పోస్టులో వేయను. రేపు నేనే తెచ్చి నీ చేతికిస్తాను. నేను మాట్లాడలేను కాబట్టి, డాక్టరమ్మ దగ్గరికి నన్ను తీసుకుపోయే ముందు నువ్వు ఇది చదవాలి.

దీంతోపాటు ఒక హార్లిక్స్ సీసా ఇస్తాను. అమ్మ బీరువాలో చీరల వెనక ఉంది. దాంట్లో క్యాప్సూల్స్ యాభై ఆరు ఉన్నాయి. భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందు రోజు వరకు ముప్పై ఆరు రాత్రులు ఒక్కొక్కటి, నువ్వు పెంచాక పది రాత్రులు రెండేసి. లెక్క సరిపోయింది. అమ్మ ఒక్కటీ వేసుకోలేదు. పొద్దున మాత్ర మాత్రం రోజూ వేసుకుంది, బడికి పోవాలి కనుక.

మార్చిలో నాకు చెప్పిన మాట ఇదే. తలకు నూనె రాస్తుంటే చెప్పింది.

"ఈసారి ఏమి మానుకోవాలా అని ఆలోచన చేసినా. కాఫీ ప్రతి ఏడూ మానుకుంటాండా, దాంట్లో ఏముంది? నాకిప్పుడు నిజంగా సుఖమంటే ఆ రాత్రి మాత్ర. వేసుకుంటే పసిబిడ్డ మాదిరి నిద్ర పడతాది. అందుకని అదే అర్పించుకున్నా."

"వదిన అడిగితే?"

"ఆయమ్మకు మన నలభై దినాలు తెలీవు. మంచిది, గాని కేకలేస్తాది. ఉపవాసం చాటుకునేది గాదు. నీకొక్కదానికే."

నాకొక్కదానికే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతో. అమ్మ దగ్గర నీకు తెలియనిది ఒకటి నాకు దొరికింది.

ఏప్రిల్‌లో నువ్వు అడిగావు. కింది వరుస ఖాళీగా ఉందని రాశాను. అది నిజమే. నువ్వు పండక్కి వస్తావని అమ్మ అప్పటికే క్యాప్సూల్స్ తీసి సీసాలో వేస్తోంది. నేను చూస్తుండగానే వేసింది. ఖాళీ అన్న మాట ఎందుకు రాశానంటే, రక్తం సంగతి ఆమె నీకే చెప్పింది. నాకున్నది ఆ ఒక్క రహస్యం. అది కూడా నీకు ఇచ్చేస్తే నా దగ్గర ఇంకేమీ మిగలదు అనుకున్నాను.

ఈస్టరు రోజు మనం ముగ్గురం ఒకే బెంచీ మీద కూర్చున్నాం. పాటల పుస్తకం నీకూ నాకూ కలిపి ఒకటే. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు.

అమ్మ ఇప్పుడు ఎందుకు మాట్లాడటం లేదో నాకు తెలుసు. తన అర్పణ దేవుడు తీసుకోలేదని, అందుకే ఇలా జరిగిందని అనుకుంటోంది. అది మందు అని ఆమెకు ఎవరైనా చెప్పాలి. నువ్వు చెబితే వింటుంది.

చీరలు నాలుగు పెట్టాను. నీలంది కూడా పెట్టాను, అది ఆమెకు ఇష్టం.

సోఫియా


కుప్పం,
మే 11

సోఫియమ్మా,

నువ్వు పోయినంక ఇల్లు నిశ్శబ్దంగా ఉండాది. నువ్వుండినా అంతే గదా అనొద్దు. తేడా ఉండాది.

నిన్న పరీక్ష కాగితం వచ్చింది. ఆ పొరలోంచి ముక్క తీసి పరీక్షకు పంపినారు గదా, దాంట్లో ఏమీ లేదు. వట్టి పొర పెరగడమే. ఆ సీసా బల్ల మీద పెట్టినప్పుడు డాక్టరమ్మ మూత తీసి లోపలికి సూసి, మళ్లీ మూత పెట్టి, ఆపరేషన్ కాగితం మడిచి డ్రాయర్‌లో వేసింది సూడు, ఆ నిమిషం నేను మర్చిపోను. రెండొందలు ఇంకో రెండు వారాలు, ఆ తూలుడుకు పడుకునే ముందు గాకుండా తొమ్మిదికే వేసుకోవాలంట. తర్వాత మళ్లీ వంద. మూడు నెలలకు స్కాన్. అంతే.

అత్తమ్మకు డాక్టరమ్మే చెప్పింది. "అమ్మా, పొద్దున మాత్ర పొరను పెంచుతాది, రాత్రిది దాన్ని అణుస్తాది. ఒకటి మానితే రెండోది ఇసమే. సుఖం మానుకోవాలంటే ఫ్యాను మానుకో" అని. అత్తమ్మ తల వంచుకోని నగింది. నెలకు నగడం అదే మొదలు. బయటికొచ్చి నాతో ఏమనిందో తెల్సా? "సోఫియాను ఏమీ అనొద్దు. నేను వద్దన్నానని అది నోరు కట్టుకునింది. మాట నిలబెట్టుకునే పిల్ల." నిన్ను ఎంత పొగుడుతాదో నా కాడ. నీ ముందర అనదు.

మీ అన్న నీ మీద కోపంగా ఉండాడు. సర్దుకుంటాడు. నేను గూడా రెండు దినాలు ఉన్నా. నీ జాబు చదివి, బాత్రూంలోకి పోయి కొళాయి తిప్పి ఏడ్చినా. తర్వాత ఆలోచన చేస్తే తప్పు నాది. నిద్రకు నిద్రకు అని అమ్మినాను గదా ఆ మందు. అది పొరను కాపాడేదని ఆమెకూ చెప్పలే, నీకు రాసిన జాబులోనూ రాయలే. పదేండ్లుగా కౌంటర్‌లో కూసునే దాన్ని. చెప్పింటే ఆమె మానేది గాదు, నువ్వు దాచేదానివి గాదు. పుస్తకాలు చదివే పిల్లకు మందుల సంగతి ఎట్ల తెలుస్తాది? నువ్వు వట్టి మానుకోవడం అనుకున్నావు. దాన్ని మనసులో పెట్టుకోవద్దు. ఇంక ఆ మాట ముగించేద్దాం.

ప్రీతి


మదనపల్లె,
మే 18, ఆదివారం

వదినకు వందనాలు.

అమ్మ నిన్న పుంగనూరు చేరింది. రాత్రి తొమ్మిదికి కింది వరుస మూత నా ముందే తీసి, రెండు క్యాప్సూల్స్ అరచేతిలో పెట్టి చూపించి వేసుకుంది. "రాయి మీ వదినకు" అంది. రాస్తున్నాను.

కుట్లు ఆరిపోయాయి. కనుబొమ్మలో సన్నని గీత మిగిలింది.

పెట్టె మీది అక్షరాలు చెరిగిపోతున్నాయి. మళ్లీ రాయనా అని అడిగాను. ప్రీతి వచ్చినప్పుడు రాస్తాదిలే అంది. నేను ఏమీ అనుకోలేదు అని రాయాలని ఉంది. అనుకున్నాను.

తప్పు నీదని నువ్వు రాసిన పేజీని చాలాసార్లు చదివాను. అన్న కోపం సర్దుకోకపోయినా పర్వాలేదు, అది నాకు రావలసిందే. కానీ నువ్వు ఆ తప్పు నీ మీద వేసుకుని ఉంటే నేను ఇక పుంగనూరులో నీ పక్కన కూర్చోలేను. నన్ను అమాయకురాలిని చేసి క్షమించావు. అందుకని ఇది రాస్తున్నాను. చదివాక నీకు రాయాలనిపిస్తే రాయి.

మందు పెట్టెలోని ఆ మడత కాగితం ఇంగ్లీషులో ఉంది. రెండో పేజీలో, ఉదయం మాత్రతో పాటు దీన్ని ఎందుకు ఇస్తారో, దీన్ని ఒక్కదాన్నే ఆపితే గర్భసంచి లోపల ఏమవుతుందో నాలుగు వాక్యాల్లో స్పష్టంగా ఉంది. ఫిబ్రవరి తొమ్మిదిన, నీకు మొదటి ఉత్తరం రాయకముందే, పుంగనూరు బస్సులో నేను దాన్ని మొత్తం చదివాను.

సోఫియా